గులకరాయి నేల తాకేలోపు

బ్లాక్‌రిగ్ గని, నార్తంబర్లాండ్
అక్టోబరు 2, 1865

తమ్ముడు జేబెజ్‌కి,

నీ పెళ్లాం పంపిన కుంకుమపువ్వు రొట్టె కార్న్‌వాల్ నుంచి దేశం పొడుగునా ప్రయాణం చేసి నిన్న మా ఇల్లు చేరింది. అప్పటికే ఇటుకలా గట్టిపడింది. మీ బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటే టామ్‌సిన్, ఇది తినడానికా, గోడకి పెట్టడానికా?" అన్నాడు. అని, సగం రొట్టె టీలో ముంచుకుని తనే తిన్నాడు. మిగిలింది మా పిల్ల బెస్సీ తింది. కెరెన్‌కి చాలా బాగుందని చెప్పు.

ప్రస్తుతం మా ఇంట్లో అందరికీ బోలెడు తీరిక. పోయిన సోమవారం నుంచి గని ఆగిపోయింది. ఆపింది మేమే. సంగతి చెబుతాను విను. ఇక్కడ బొగ్గు కొట్టినవాడు బొగ్గు నింపిన టబ్బుకి తన నంబరు బిళ్ల తగిలించి పైకి పంపుతాడు. పైన కాటా దగ్గర కంపెనీ గుమాస్తా ఉంటాడు. టబ్బులో గుప్పెడు రాళ్లు కనబడితే చాలు, మొత్తం టబ్బు లెక్కలోంచి కొట్టేస్తాడు. అంటే ఆ బొగ్గు కొట్టినవాడికి కూలి లేదు. పోనీ ఆ బొగ్గు పారేస్తారా అంటే, అదీ లేదు. అదే రైలు పెట్టెలో పోసి అమ్ముకుంటారు. ఇన్నేళ్లలో ఒక్క టబ్బు బొగ్గు తిరిగి గోతిలోకి పోవడం నేను చూడలేదు. మన ఊళ్లో దీన్ని దొంగతనం అంటాం. ఇక్కడ దీన్ని పద్ధతి అంటారు.

అందుకని సంఘంలో అందరూ కూడి, మన మనిషి ఒకడు కాటా దగ్గర నిలబడాలి, వాడికి జీతం మనమే ఇచ్చుకుందాం అనుకున్నారు. మీ బావని ఎన్నుకున్నారు. నెడ్ మొదటిరోజు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. మేనేజరు ఎల్డర్‌షా కాటా గది గుమ్మంలోనే ఆపేశాడు.

"కాటా నాది. దాని దగ్గర నా మనిషే ఉంటాడు."

"బొగ్గు కొట్టింది మేం కదా సార్."

"భూమిలో ఉన్నంతకాలం బొగ్గు నేల యజమాని లార్డుగారిది. పైకి వచ్చాక కంపెనీది. మధ్యలో నీదెప్పుడైంది?"

అని మెడపట్టి గెంటించాడు. ఆదివారం అదే మనిషి చర్చిలో ముందు వరుసలో కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. ఆ తెల్లటి చేతులు చూడలేక నేను లేచి వెనక వరుసకి పోయాను.

నువ్వేం కంగారుపడకు. మహా అయితే రెండు వారాల్లో తేలిపోతుంది. మీ గనిలో రాగి ధర పడిపోయిందని విన్నాను. ఎప్పుడైనా పని కరువైతే మొహమాటపడకుండా వచ్చెయ్. ఇక్కడ ఒక గది ఖాళీగా ఉంది, ఎప్పుడూ ఆరని పొయ్యి ఉంది. మీ బావ నిన్ను దగ్గరుండి గనిలోకి తీసుకెళ్తాడు.

నీ అక్క,
టామ్‌సిన్


పెన్‌హాలో, కార్న్‌వాల్
అక్టోబరు 9

అక్కా,

రొట్టెని ఇటుకన్నాడని చెప్పగానే కెరెన్ మూతి ముడుచుకుంది. ఈసారి నిజంగా ఇటుకే పంపుతానంటోంది. బావని పళ్లు జాగ్రత్తగా చూసుకోమను.

నీ సమ్మె సంగతి చదివి నవ్వొచ్చింది. కోపం తెచ్చుకోకు. అంత పొడుగు మనుషులు, ఒక కాటా దగ్గర ఎవడు నిలబడాలన్న దానికి చేతులు కట్టుకుని ఇంట్లో కూర్చుంటారా? బావ కోపిష్టి అని నాకు ముందే తెలుసు. మీ పెళ్లిలో ఫిడేలు వాయించేవాడితో కూడా తగువు పెట్టుకున్నాడు కదా. మీ వాళ్లు గనిలో ఎవరు ఏ చోట తవ్వాలన్నది టోపీలోంచి చీటీలు తీసి తేల్చుకుంటారని నువ్వు పోయినసారి రాశావు. అది మా ప్రార్థనా మందిరం పెద్దకి చదివి వినిపించాను. "అది జూదం నాయనా, వాళ్ల కోసం ప్రార్థిద్దాం" అన్నాడు.

మా పద్ధతి నువ్వు మర్చిపోయినట్టున్నావు. పోయిన శనివారం వేలంపాటల రోజు. గని క్యాప్టెన్ పెంగెల్లీ ఆఫీసు మెట్లెక్కి నిలబడి ఒక్కో చోటు పేరూ చదివాడు; ఎవడు తక్కువ ధరకి తవ్వుతానంటే చోటు వాడిది. తూర్పు సొరంగం చివర చోటుకి నేనూ, ముసలి హోసియా జట్టూ పోటీ పడ్డాం. ఆయన ఆ చోట ఎన్నో ఏళ్లుగా తవ్వుతున్నాడు. ఆయన ఒక ధర అంటే నేను దానికన్నా దించి పాడాను. ఆయన ఇంకా దించాడు. క్యాప్టెన్ గులకరాయి పైకి విసిరాడు. అది నేల తాకేలోపు ఎవడిది చివరి పాటైతే వాడిదే చోటు. రాయి గాల్లో ఉండగానే నేను ఇంకో మెట్టు దించేశాను. రాయి పడింది, చోటు నాదైంది. హోసియా ముఖం మాడిపోయింది, పాపం. కానీ పాట పాటే. ఇక్కడ మమ్మల్ని ఎవడూ కూలివాడు అనడు. మేం బేరగాళ్లం. మా కష్టానికి ధర మేమే చెబుతాం.

బావకి చెప్పు, కాటా వదిలేసి బేరం నేర్చుకోమను.

నవ్వుతూనే రాశాను, నవ్వుతూనే చదువు.

జేబెజ్


బ్లాక్‌రిగ్
అక్టోబరు 16

జేబెజ్,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించలేదు. నువ్వు బాగున్నావు, రాగి ధర బాగాలేదు అని రాశావని చెప్పాను. ఎదురుగా నిలబడి అబద్ధం ఆడాల్సి వచ్చింది. అది కూడా నీ ఖాతాలోనే రాస్తున్నాను.

టోపీలో చీటీలు జూదమా? గనిలో మంచి చోటు ఉంటుంది, నీళ్లు కారే చోటు ఉంటుంది. మేనేజరు ఇష్టానికి వదిలేస్తే మంచి చోటు వాడి కాళ్లు పట్టేవాడికి పోతుంది. అందుకని మూడు నెలలకోసారి పేర్లు టోపీలో వేసి తీస్తాం. ఎవడికి ఏది వస్తే అది. వచ్చినవాడు గర్వపడడు, రానివాడు ఏడవడు. మీరేమో రాయి గాల్లో ఉండగా పక్కవాడి నోటి దగ్గరి ముద్ద లాక్కుంటారు. లాక్కుని, క్యాప్టెన్‌కి ఇంకాస్త చవగ్గా అప్పజెబుతారు. దానికి బేరం అని పేరు పెట్టుకుని, టోపీ ఎత్తి నడుస్తారు. నేను అక్కడ పుట్టాను, చిన్నప్పుడు ఆ మెట్ల కింద నిలబడి చప్పట్లు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తోంది. ముసలి హోసియా ముఖం మాడిపోయిందని నవ్వుతూ ఎలా రాయగలిగావురా?

నా ఇంటి సంగతులు ఇక నీకు రాయను. రాసినా నీకు తలకెక్కవు. బెస్సీకి కొంచెం దగ్గు. వానలు ఎక్కువగా ఉన్నాయి. నీ పాటలు నువ్వు పాడుకో.

టామ్‌సిన్


పెన్‌హాలో
అక్టోబరు 27

ప్రియమైన అక్కకి, కోపం తగ్గిన అక్కకి,

తగ్గిందనే అనుకుంటున్నాను. సమ్మె గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు కదా, అప్పుడే అది తీరిపోయిందని నాకు అర్థమైంది. రెండు వారాలన్నావు, రెండు వారాలకే అయిపోయింది. తిట్లు ఎక్కడికి పోతాయిలే, ముఖాముఖి తింటాను.

అవును, ముఖాముఖినే! మా గని మూతపడింది. నీళ్లు తోడే ఇంజను ఆపేశారు. నేను గెలిచిన తూర్పు సొరంగం ఇప్పుడు మునిగి ఉంది. ఊళ్లో ఏ ఇంట్లో చూసినా పెట్టెలు సర్దుకుంటున్నారు. నేనేం చెయ్యాలా అని తల పట్టుకుని కూర్చుంటే, మంగళవారం సత్రానికి ఒక ఏజెంటు వచ్చాడు. ఎక్కడి నుంచి అనుకున్నావు? నార్తంబర్లాండ్ నుంచి! బొగ్గు గనుల్లో మనుషులు కావాలట. కుటుంబంతో సహా రైలు, ఇల్లు, పొయ్యిలోకి బొగ్గు, అన్నీ కంపెనీవే. హోసియా అడిగాడు, "అక్కడ ఉన్న మనుషులు ఏమయ్యారయ్యా?" అని. "ఆస్ట్రేలియా పోయారు తాతా, బంగారం తవ్వుకోడానికి" అన్నాడు. "గొడవలేమైనా ఉన్నాయా?" అని నేను అడిగాను. "ఎక్కడో ఒక చోట చిన్న గొడవైంది, అయిపోయింది" అన్నాడు. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చి, నిజమే చెబుతున్నాడనుకున్నాను. ఏ గని అంటే కంపెనీకి చాలా ఉన్నాయి, దిగాక చెబుతాం అన్నాడు.

అసలు తమాషా ఇంకా ఉంది. ఏజెంటు ఒక ధర చెప్పి సంతకాలు పెట్టమన్నాడు. మన వాళ్లు ఊరుకుంటారా! మా బావమరిది సైలస్ లేచి, "మా పద్ధతి ఇది కాదు దొరా, పాట పెట్టండి" అన్నాడు. ఆయనకి అర్థం కాలేదు. ఎక్కువ అడుగుతున్నాం అనుకుని ముఖం చిట్లించాడు. విషయం చెప్పాక బల్ల పట్టుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. సత్రం పెరట్లో తనే రాయి విసిరాడు. నీ తమ్ముడే గెలిచాడక్కా! అందరి తరఫునా ధర నేనే పాడాను, జట్టుకి పెద్దని నేనే. ఆయన చెప్పినదానికి మూడో వంతు తక్కువకి పాడాను. అయితేనేం, ఇల్లు ఉచితం.

నవంబరు 6న బయల్దేరుతున్నాం. నువ్వు రమ్మన్నావు, నేను వస్తున్నాను. బావతో చెప్పు. బెస్సీ దగ్గుకి కెరెన్ తేనె తెస్తోంది.

నీ ముద్దుల తమ్ముడు,
జేబెజ్


బ్లాక్‌రిగ్, గని వెనక పొలం
నవంబరు 4

జేబెజ్,

రాయనన్నాను కానీ రాయకుండా ఉండలేకపోయాను. నిన్ను తిడుతూ రాసిన రోజే ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. అది బల్లమీద పెట్టుకునే నీకు ఆ ఉత్తరం రాశాను. చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు నవ్వుతావేమోనని.

అక్టోబరు ఆఖర్న మమ్మల్ని బయటపడేశారు. ఇళ్లు కంపెనీవి కదా. పని మానేసినవాడికి కప్పు లేదు. దానికోసం న్యూకాసిల్ రేవు నుంచి మిఠాయివాళ్లని తెచ్చారు. రేవులో మిఠాయిలమ్ముకునే వాళ్లనీ, తాగి పడుండే వాళ్లనీ పోగేసి తెస్తారు కాబట్టి, ఇళ్లు ఖాళీ చేయించేవాళ్లందరికీ ఇక్కడ అదే పేరు. మా ఇంటికి నలుగురు వచ్చారు. ముందు ఒకడు పొయ్యిలో నీళ్లు పోశాడు. మంట మీద ఉన్న బఠాణీ గంజి తిన్నగా నేలమీద ఒలకబోశాడు. ఇంకొకడు బెస్సీ పడుకున్న పరుపుని, అది దాని మీద ఉండగానే, రెండు కొసలూ పట్టుకుని బయటికి లాక్కెళ్లాడు. వాడి దగ్గర చేపల కంపు, సారా కంపు. నా కుర్చీలో ఒకడు కూర్చుని, అరికాలు గోక్కుంటూ, "ఇంట్లో ఇంత శుభ్రమా! దొరసానమ్మవే" అన్నాడు. కొట్టబోయిన నెడ్‌ని పోలీసులు పట్టుకున్నారు. నేను నిలబడి చూశాను. వాడు ముట్టుకున్న కుర్చీ ఆ రోజే విరగ్గొట్టి, పొలంలో వేసుకున్న మంటలో పడేశాను.

ఇప్పుడు పొలంలో కాన్వాసు గుడారాల్లో ఉంటున్నాం. ఊళ్లో సగం మంది ఇక్కడే. రాత్రంతా పిల్లల దగ్గు ఒక గుడారం నుంచి ఇంకో గుడారానికి పాకుతుంది. అయినా ఒక్కడు కూడా పనిలోకి దిగలేదు. కొట్టేవాడు లేక బొగ్గు లోపలే ఉండిపోయింది. ఇంకో నెల నిలబడితే ఎల్డర్‌షా దిగొస్తాడని నెడ్ అంటున్నాడు.

ఒక్కటే భయం. ఎక్కడి నుంచో మనుషుల్ని తెస్తున్నారని పుకారు. ఎవరో తెలీదు. సమ్మె చేసేవాళ్ల పనిలో దూరేవాళ్లని ఇక్కడ నల్లకాళ్లు అంటారు. వాళ్లొచ్చే దారిలో ఆడవాళ్లం అందరం నిలబడతాం. రేకు పళ్లేలు వాయిస్తాం. అందరికన్నా పెద్ద పళ్లెం నాది. నేనే ముందు నిలబడతాను. అలాంటివాడి ముఖం ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలని ఉంది.

నీ నుంచి ఉత్తరం లేదు. అలిగావా? అలగకు. మీ గని సంగతి రాయి.

అక్క


బ్లాక్‌రిగ్, రెండో వరుస ఇళ్లు
నవంబరు 10

అక్కా,

ప్రార్థనా మందిరం ఊడ్చే ముసలామె ఈ ఉత్తరం నీకు తెచ్చిస్తానంది. చించెయ్యకు. చదివాక చించు.

రైలు దిగాక పోలీసులు మమ్మల్ని మధ్యలో పెట్టుకుని నడిపించారు. అప్పటికీ నాకు ఏ ఊరో తెలీదు. చప్పుడు ముందు వినబడింది. పెళ్లి ఊరేగింపేమో అంది మా చిన్నది. మలుపు తిరిగాక ఆడవాళ్లు కనబడ్డారు. రేకులు కొడుతూ, అరుస్తూ, ఏడుస్తూ. కెరెన్ నా చేయి గట్టిగా పట్టుకుని, "ఏమండీ, ఆ ముందున్నావిడ మా వదిన కాదూ?" అంది. "కాదు, మా అక్క అలా అరవదు" అన్నాను. అని, టోపీ ముఖం మీదికి లాక్కున్నాను. నువ్వు నన్ను చూశావో లేదో నాకు తెలీదు. నా కోటు మీద ఉమ్మి పడింది. అది నీదో, నీ పక్కావిడదో కూడా తెలీదు.

మాకిచ్చిన ఇంటి తలుపు తోస్తే కింద ఏదో అడ్డుపడింది. వంగి తీశాను. విప్పని ఉత్తరం. పైన చేతిరాత నాదే. నీకు నేను అక్టోబరు ఆఖర్న రాసిన ఉత్తరం. టపా మనిషి పాత చిరునామాకే తెచ్చి గుమ్మం సందులోంచి లోపలికి తోసేశాడు. అప్పుడు తెలిసింది నాకు, ఎవరింట్లో నిలబడ్డానో. కెరెన్ గడప మీదే కూలబడింది. ఆ ఉత్తరం దీనితో పంపుతున్నాను. చదివితే నేను తెలిసి రాలేదని నీకు తెలుస్తుంది.

వెళ్లిపోదామంటే దారి లేదు. సంతకం పెట్టిన కాగితం ఉంది. పని వదిలి వెళితే మూడు నెలలు జైలని ఎల్డర్‌షా మొదటిరోజే చదివి వినిపించాడు. చేతిలో రైలు ఖర్చు కూడా లేదు. పిల్లలున్నారు. నువ్వే చెప్పు, ఏం చెయ్యను? నువ్వు కూడా రమ్మన్నావు కదా అక్కా.

జేబెజ్


పొలం
నవంబరు 12

ఉమ్మింది నేనే. ముఖం చూడలేదు, కోటు మాత్రమే చూశాను. ముఖం చూసుంటే ఇంకోసారి ఉమ్మేదాన్ని.

నీ రెండు ఉత్తరాలూ చదివాను. నువ్వు తెలిసి రాలేదు, నిజమే. మోసం చేసి తెచ్చారు, అదీ నిజమే. కానీ ఆ సత్రం పెరట్లో పాట పాడమని నిన్ను ఎవడు మోసం చేశాడు? ఏజెంటు ఒక ధర ఇస్తానన్నాడు. మీరే వద్దన్నారు. మీరే దించారు. నువ్వు గెలిచానని రాసిన ఆ ధర నిన్న ఎల్డర్‌షా గని గేటుకి అంటించాడు. ఇకమీద బ్లాక్‌రిగ్‌లో బొగ్గు కొట్టే ప్రతివాడికీ అదే ధరట. "కార్న్‌వాల్ వాళ్లు అడిగి మరీ తీసుకున్నారు, మీకెందుకు ఎక్కువ ఇవ్వాలి?" అన్నాడు. మా ఊరు మొత్తం కూడు, రాయి గాల్లో ఉండగా నువ్వొక్కడివే అమ్మేశావు.

ఇంకోటి విను. నీ పేరు బయటికొచ్చింది. కాటా కోసం నిలబడ్డ నెడ్ చార్ల్‌టన్ సొంత బావమరిదే నల్లకాలు జట్టుకి పెద్దట, నెడ్డే పిలిపించాడట, రెండు వైపులా తింటున్నాడట. నిన్న సంఘం సమావేశంలో మీ బావ లేచి, "వాళ్లని మోసం చేసి తెచ్చారు, తిరిగి పంపడానికి చందాలు వేద్దాం" అంటే, వెనక నుంచి ఎవడో "నీ వాళ్లు కదా, అలాగే అంటావు" అన్నాడు. నెడ్ వచ్చి గుడారంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోడ కూడా లేదు, కాన్వాసు. ఆ మనిషికి ఉన్నది మంచి పేరొక్కటే. అదీ పోతోంది.

నీకు ఒక్కటే దారి. బయటికి రా. ఎలా వచ్చావో, ఎవరు పిలిస్తే వచ్చావో అందరూ వినేలా చెప్పు. జైలంటావా? నా కూతురు బురదలో పడుకుంటోంది.

రాకపోతే ఇక ఉత్తరం రాయకు. అక్క అని అసలు రాయకు.

టామ్‌సిన్


మార్పెత్ జైలు
నవంబరు 27

టామ్‌సిన్‌కి,

అక్క అని రాయలేదు. మిగతాది చదివాక నువ్వే చెప్పు.

నీ ఉత్తరం వచ్చిన రోజు గనిలో నేను కొట్టిన టబ్బుల్లో సగం లెక్కలోంచి కొట్టేశారు. రాళ్లట. పైకి వెళ్లి చూపించమన్నాను. గుమాస్తా అరచేతిలో నాలుగు రాతి పెంకులు చూపించాడు. "మిగతా బొగ్గుకి కూలి?" అన్నాను. "పద్ధతి" అన్నాడు. నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన మాటే. అప్పుడు చదివి నవ్వాను. మా ఊరి క్యాప్టెన్ ఎంత గట్టివాడైనా, పాడుకున్న బేరం తప్పేవాడు కాదు. ఈ ఎల్డర్‌షా బేరమూ చేస్తాడు, దొంగతనమూ చేస్తాడు.

ఆ వారమే మా వాళ్లందర్నీ ఇంటింటికీ వెళ్లి కలిశాను. పనిచేసే చోట్లకి శనివారం కొత్తగా పాట పెడతానని ఎల్డర్‌షా చెప్పాడు. ఏజెంటు చెప్పి ఉంటాడు, మా అలవాటు మేనేజరుకి బాగా నచ్చింది. "ఎవ్వరం నోరు విప్పొద్దు. రాయి పడనీ. మా ధరా, కాటా దగ్గర మా మనిషీ ఉంటేనే దిగుతాం అందాం. ఇంతమందిని జైల్లో పెట్టలేరు" అన్నాను. అందరూ తలూపారు. హోసియా నా చేయి పట్టుకుని, "ఇన్నాళ్లకి మంచి మాటన్నావురా" అన్నాడు.

శనివారం ఎల్డర్‌షా మెట్ల మీద నిలబడ్డాడు. పిల్లల ఆటలా ముచ్చటపడుతూ, తెల్లటి రాయొకటి ఏరి తెచ్చుకున్నాడు. మొదటి చోటు చదివాడు. రాయి విసిరాడు. అది పడింది. ఎవ్వరూ మాట్లాడలేదు. ఆయన మళ్లీ వంగి తీసి, దుమ్ము ఊది, మళ్లీ విసిరాడు. పడింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. నా జన్మలో అంత గర్వపడలేదు.

మూడోసారి రాయి గాల్లో ఉండగా సైలస్ పాడాడు. నా బావమరిది. తల వంచుకుని, నా వైపు చూడకుండా, గేటు మీద ఉన్న ధరకన్నా తక్కువకి పాడాడు. ఆ వెంటనే వాడి వెనక ఇంకొకడు ఇంకా తక్కువకి. ఇక ఆగలేదు. ఒకణ్ణొకడు తోసుకుంటూ, మెడలు సాచి, కుక్కల్లా. హోసియా కూడా పాడాడు. నా చేయి పట్టుకున్న ముసలాడు! నాకు అక్కడే వాంతి వచ్చింది, నిజంగానే వచ్చింది. అది వాళ్లని చూసి కాదు. ఇన్నేళ్లూ అదే గొంతుతో, అంతే హుషారుగా పాడినవాణ్ణి నేనే.

నేనొక్కణ్ణే బయటికి నడిచాను. గేటు దగ్గరే పట్టుకున్నారు. మేజిస్ట్రేటు ఎల్డర్‌షాతో కలిసి నక్కల వేటకి వెళ్లే మనిషని తర్వాత తెలిసింది. కోర్టు నిండా మీ సంఘం వాళ్లున్నారు. చెప్పేదేమైనా ఉందా అని అడిగితే చెప్పాను. ఏజెంటు పేరు, సత్రం పేరు, వాడన్న ప్రతి మాటా చెప్పాను. "నన్ను మా బావ పిలవలేదు. నేను వచ్చిన సంగతే ఆయనకి తెలీదు. ఆ ధర నా నోటితో నేనే దించాను" అన్నాను. ఎవరో కూర్చోమని అరిచారు. అయినా మొత్తం చెప్పేదాకా కూర్చోలేదు. మూడు నెలలు వేశారు.

కెరెన్, పిల్లలు ఆ ఇంట్లోనే ఉన్నారు. వాళ్లనేం చేస్తారో నాకు తెలుసు. నిన్ను అడిగే ముఖం నాకు లేదు. అందుకే అడగడం లేదు.

జేబెజ్


పొలం
డిసెంబరు 5

జేబెజ్,

నీకు తెలిసిన పనే చేశారు. మంగళవారం మళ్లీ మిఠాయివాళ్లు వచ్చారు. అదే గుంపు, అదే సారా కంపు. అదే ఇల్లు, నా ఇల్లు, రెండోసారి ఖాళీ చేశారు. ఒప్పందం తప్పినవాడి పెళ్లాం పిల్లలకి కంపెనీ కప్పు లేదట. కెరెన్ మంచం వీధిలో వాన కింద పెట్టి పోయారు. సైలస్ మూడిళ్ల అవతల ఉంటున్నాడు. తలుపు తీయలేదు. కిటికీ తెర కదలడం నేను కళ్లారా చూశాను.

మా ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని వచ్చారు. నల్లకాలు పెళ్లాం వీధిన పడిందని సంబరం. నాకూ ఒకామె పళ్లెం అందించింది. తీసుకోలేదు. అలాగని జాలిపడి వెళ్లాను అనుకోకు. ఆ రోజు నీ పేరు తలిస్తేనే నోరు చేదుగా ఉంది. కానీ మీ చిన్నది బురదలో నిలబడి, రెండు చేతులతో చెవులు మూసుకుని, ఆ చప్పుడుకి నోరు తెరిచి ఏడుస్తోంది. నా బెస్సీ పరుపుతో సహా బయటపడిన రోజు అలాగే ఏడ్చింది. నేను వెళ్లి మంచం ఒక కొస ఎత్తాను. కెరెన్ రెండో కొస ఎత్తింది. పొలం దాకా ఇద్దరం మోశాం. దారి పొడుగునా నా మీద కూడా వాయించారు. నాతో కలిసి అక్టోబరులో ఏడ్చినవాళ్లే, బెస్సీకి గంజి పోసినవాళ్లే. వాళ్ల ముఖాలు చూస్తే మొన్న రోడ్డు మీద నా ముఖం ఎలా ఉండి ఉంటుందో తెలిసింది. అసహ్యంగా ఉంటుంది.

సమ్మె అయిపోయింది. ఆ శనివారం మీ వాళ్లు పాడిన ధరకే అందరూ నిన్న పనిలోకి దిగారు. కాటా దగ్గర మన మనిషి లేడు. టోపీలో చీటీలు లేవు. ఇకనుంచి రాయేనట. నిన్న సాయంత్రం మా వాళ్లే, ఉమ్మడిగా తింటాం ఉమ్మడిగా పస్తుంటాం అని ప్రమాణం చేసినవాళ్లే, గేటు దగ్గర పాట పాడటం సాధన చేస్తున్నారు. ఒకడు తప్పుగా పాడితే ఇంకొకడు దిద్దుతున్నాడు. నవ్వుకుంటున్నారు కూడా. నెడ్‌కి ఈ జిల్లాలో ఏ గనిలోనూ పని ఇవ్వకూడదని అన్ని గనులకీ కబురు వెళ్లింది. కోర్టులో నువ్వన్నది విన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి, నెడ్ ముందు టోపీ తీసి వెళ్లిపోయారు. అదొక్కటీ నీ వల్ల జరిగింది. అది కాదనను.

కెరెన్ వచ్చిన రాత్రే అంది, "ఆయన పిల్లల కోసం చేశారు వదినా" అని. "అందరికీ పిల్లలుంటారే. ఆ మిఠాయివాడికి కూడా ఉండే ఉంటారు" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోలేదు. ఒకే గుడారంలో ఉంటూ మాట్లాడుకోకుండా ఉండటం ఎంత కష్టమో తెలుసా? ఉప్పు అందుకోవాలన్నా బెస్సీ చేతే అడిగించాలి.

నువ్వు విడుదలయ్యే రోజున జైలు గేటు దగ్గరికి నేను రాను. నెడ్ వస్తాడు. తనే వస్తానన్నాడు. నిన్ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యంగానే ఉంది. అది ఎప్పుడు తగ్గుతుందో నాకు తెలీదు, అబద్ధం చెప్పను. తగ్గిన రోజున నేనే నీ దగ్గరికి వస్తాను. అప్పటిదాకా నీ పిల్లలకి తిండి నేను పెడతాను.

అక్క అని రాయొచ్చు.

టామ్‌సిన్